మైల ఇంటికి పన్ను లేదు

మస్తాన్ వలీ ఆ నల్లరాతి బిళ్ళలను మా ఇంటికి చేతిసంచిలో వంకాయల కింద పెట్టి తెచ్చాడు. అప్పుడు రోహిణి కార్తె. మా అమ్మ చెంగమ్మ నెత్తిమీద తడిగుడ్డ వేసుకుని నడవలో కూర్చుని ఎండను తిడుతోంది. అతను ఒక బిళ్ళను నడవ గోడకు తగిలించాడు. రెండోదాన్ని పెరటి గోడమీద పెట్టి వచ్చాడు. మేము కాఫీ తాగి గ్లాసులు కింద పెట్టేలోపు నడవ చల్లబడింది. అమ్మ తడిగుడ్డ తీసేసింది. పెరట్లో గోడకు పాకిన చిక్కుడు తీగ మాత్రం ఉడికిన ఆకుకూరలాగా వాలిపోయింది.

“నా చిక్కుడు పాదు చంపేశావు గదరా!” అంది అమ్మ.

“వేడి యాడికో ఒకచోటికి పోవాల గదా పెద్దమ్మా,” అన్నాడు మస్తాన్. “రెండూ ఒకే రాయిలోంచి కోసినవి. దీని వేడి దానికి పోద్ది. మధ్యలో తీగ లేదు, కరెంటు లేదు. ఎంత దూరమైనా పోద్ది. చావదు మాత్రం. ఇల్లు మారుద్ది, అంతే.”

మస్తాన్ మా ఊరి పాలిటెక్నిక్‌లో భౌతికశాస్త్రం చెప్పేవాడు. కాలేజీ వెనక రేకుల షెడ్డే అతని ప్రయోగశాల. నా భార్య పెంచలరత్నాన్ని అక్కా అని పిలిచేవాడు కాబట్టి నేను అతనికి బావనయ్యాను. అతని చివరి మాటను ఆ రోజు మాలో ఎవరూ పట్టించుకోలేదు. చల్లగా ఉన్నప్పుడు మనిషి ఎక్కువ ఆలోచించడు.

రత్నం అప్పుడు మా పెన్నగడ్డ మునిసిపల్ చైర్మన్. ఆమె రాజకీయాల్లోకి పోవాలని నేనెప్పుడూ కోరుకోలేదు. నాది గుడివీధిలో పూజాసామాన్ల కొట్టు. కర్పూరం, వత్తులు, కుంకుమ అమ్ముకుంటూ పొద్దున ఒక పూజ, సాయంత్రం ఒక దీపం, అంతే నా లోకం. ఆమె అలా కాదు. ఒకసారి వీధి కుళాయిలో మురుగు వస్తోందని ఒక చెంబుడు ఆ నీళ్ళు పట్టుకుపోయి కౌన్సిల్ సభ్యుల ముందు పెట్టి, మీరు తాగితే నేను లేస్తానంది. పైపులు మారేదాకా లేవలేదు. తర్వాత రెండు పార్టీలు పిలిచి కండువా వేశాయి, రెండూ ఏడాది తిరక్కుండా కండువా లాక్కున్నాయి. చివరికి బిందె గుర్తుమీద ఒంటరిగా గెలిచింది. “ఓటేసినోళ్ళు నాకు చుట్టాలు గాదు, వెయ్యనోళ్ళు పగోళ్ళు గాదు,” అని గెలిచిన రోజే మైకులో చెప్పింది. ఓటేసినవాళ్ళ మొహాలు అక్కడే మాడిపోయాయి.

ఆ రాళ్ళను ఇంటింటికీ పెట్టించింది ఆమే. వాటి జతలను ఊరికి దూరంగా, సముద్రం వైపు ఉన్న ఉప్పుమడుల గట్లమీద పాతించింది. అన్నీ ఒకే బండలోంచి కోయించినవి కాబట్టి ఏ ఇంటి వేడి ఎటు పోవాలో తిప్పే మీటలన్నీ మస్తాన్ షెడ్డులో. ఆ వేసవి మా ఊళ్ళో వడదెబ్బకు ఒక్కరు కూడా పోలేదు. ఉప్పుమడుల్లో నీళ్ళు త్వరగా ఇగిరి ఉప్పు గుట్టలు గుట్టలుగా తేలిందని అక్కడివాళ్ళూ సంతోషించారు. మా కొట్టుకొచ్చే ఆడవాళ్ళు, “మీ ఆవిడ పేరు చెప్పి దేవుడికి ఒక టెంకాయ కొట్టండి సామీ,” అనేవాళ్ళు. నేను కొట్టేవాణ్ణి.

రెండో వేసవిలో ఒక రోడ్డు ప్రారంభానికి రత్నం ఆ వైపు పోయింది. ఉప్పు లాగే ఆడవాళ్ళు కాళ్ళకు సైకిల్ టైరు ముక్కలు కట్టుకుని పనిచేస్తున్నారట. గట్టుమీద నిలబడితే మోకాళ్ళదాకా సెగ కొడుతోందట. మడుల పక్క గుడిసెల్లో కుండలో నీళ్ళు చేయి పెట్టలేనంత కాగుతున్నాయట. రవణమ్మ అనే ఆమె పాదం ఎత్తి చూపించి, “మీ ఊరు చల్లగా ఉండాదంట గదమ్మా, బాగుండాదా?” అని అడిగిందట. ఆ అడగడంలో ఎగతాళి లేదంట. అదే తట్టుకోలేకపోయానని రత్నం చెప్పింది. ఆ రోజు ఆమె అన్నం సగంలో వదిలేసి, చాప తీసుకుపోయి పెరట్లో పడుకుంది.

వారం తిరక్కుండా కౌన్సిల్లో పన్ను ప్రకటించింది. ప్రతి ఇల్లూ రోజూ మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా తన వేడిలో కొంత వెనక్కి తీసుకోవాలి. ఆ రెండు గంటలు రాళ్ళు తిరగబడతాయి. మడులు చల్లబడతాయి, ఇళ్ళు కాగుతాయి. ఆ వేళలోనే ఉప్పువాళ్ళు మడుల్లో దిగి పని చేసుకుంటారు.

వైస్ చైర్మన్ దొరసామి లేచాడు. వరసకు నాకు తమ్ముడు, మా పెదతాత మనవడు. “వదినా, ఇదేం పన్ను? డబ్బు వెయ్యి, కట్టి పారేస్తాం.”

“డబ్బయితే కట్టేసి పడుకుంటావు దొరసామీ. వేడి మాత్రం వాళ్ళకాడే ఉంటది.”

“వాళ్ళేమన్నా నీకు చుట్టాలా?”

“కాదు. అందుకే నువ్వు అడగవు, నేను అడగాల.”

తీర్మానం ఒక్క ఓటుతో గట్టెక్కింది. ఆ మర్నాటి నుంచి మా ఆవిడ పేరు ఊళ్ళో పెనం రత్నం. కొట్టుకొచ్చి, “మీ ఆవిడ మమ్మల్ని అప్పడాలు చేస్తా ఉంది సామీ,” అనేవాళ్ళు. నేను తల వంచుకుని కర్పూరం తూచేవాణ్ణి. ఇంట్లో మా అమ్మకు మాత్రం ఈ పన్నుతో పేచీ లేదు. రెండయ్యేసరికి రాయి కింద పాత చీర పరిచి గుమ్మడి వడియాలు పెట్టుకునేది. “మేడెక్కే పని తప్పింది. ఈ కాస్త సెగకే ఏడిస్తే మా కాలంలో ఎట్టా బతికాం?” అనేది. కోడల్ని ఆటపట్టించేది కూడా. “ఏమ్మే, నేను పోతేనన్నా నాలుగు రోజులు నీ పన్ను ఆపుతావా?”

“నువ్వు పోతే వడియాలు ఎవరు పెడతారు అత్తా, పోబాక,” అనేది రత్నం.

శ్రావణం ముందు రోజుల్లో కోటవీధిలో ఒక పడుచు ఇల్లాలు జబ్బుచేసి చనిపోయింది. రత్నం చూడబోయింది. శవం ఇంకా ఇంట్లోనే ఉంది. రెండయింది. గోడమీద రాయి వేడెక్కసాగింది. ఆ పిల్ల మొగుడు లేచి, కట్టుకున్న పంచె కొంగుతో ఆమె మొహంమీద విసరడం మొదలుపెట్టాడు. రత్నం అక్కడి నుంచే మస్తాన్‌కు ఫోను చేసి ఆ ఇంటి మీట ఆపించింది. నలుగురూ వింటుండగా, “మైల తీరేదాకా ఈ ఇంటికి పన్ను లేదు. ఏ మైల ఇంటికీ లేదు,” అంది. ఆ మాట విని ఊళ్ళో చాలామంది కళ్ళు తుడుచుకున్నారు. నాక్కూడా, నా భార్యలో ధర్మం ఉంది అనిపించింది. సాయంత్రానికి అది తీర్మానమైంది.

మైల అంటే ఏమిటో మాకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఒక ఇంట్లో మనిషి పోతే ఆ ఇంటికే కాదు, ఏడు తరాల జ్ఞాతులకూ మైలే. మేం పుట్టింది అందులోనే కాబట్టి ఆ మాటకు అంచు ఎక్కడుందో ఎవరూ చూడలేదు.

మొదట చూసినవాడు దొరసామి. కావలిలో వాళ్ళ ముత్తాత తమ్ముడి మనవడు పోయాడని, పదకొండు రోజులు మీట ఆపమని షెడ్డుకు మనిషిని పంపాడు. అబద్ధం కాదు, నిజంగానే జ్ఞాతి. దొరసామికి మైల అయితే మా దాయాదులందరికీ మైలే. అది తీరేలోపు ఇంకో ఊళ్ళో ఇంకొకరు. మా ఇంటి మీట మాత్రం రత్నం ఆపనివ్వలేదు, ఆ దూరపు చావులకు మేము తలస్నానంతో సరిపెట్టుకున్నాం. పొలం గట్టు తగాదాతో తండ్రుల కాలం నుంచి మాటల్లేని కుటుంబాలు వెతుక్కుంటూ పోయి చుట్టరికాలు కలుపుకున్నాయి. వీధి అరుగుమీద ఇద్దరు ముసలాళ్ళు మాట్లాడుకోవడం నేను విన్నాను.

“మీ గూడూరు పెద్దాయనకు ఎట్టుంది?”

“ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చేశారంట. తేరుకున్నాడంట.”

“అయ్యో, తేరుకున్నాడా!” అన్నాడు మొదటాయన, నిజంగానే దిగులుగా.

ఈ సంగతి అందరికంటే ముందు నా కొట్టుకు తెలిసింది. మైలవాళ్ళు దీపం పెట్టరు, గుడికి రారు. కర్పూరం డబ్బాలు అట్టాగే ఉండిపోయాయి. వేణుగోపాలస్వామి తిరునాళ్ళ వచ్చింది. రథానికి పూలు కట్టారు. మోకు పట్టుకునేవాళ్ళు లేరు. రథం దగ్గరికొస్తే మైల లేదని ఒప్పుకున్నట్టే, మర్నాడు మీట పడుతుంది. అర్చకస్వామి, నేను, ఇంకో నలుగురం పట్టి లాగితే రథం కదల్లేదు. స్వామిని మళ్ళీ లోపలికి తీసుకుపోయారు. రెండు గంటల చల్లదనం కోసం ఊరంతా దేవుణ్ణి వదులుకుందా అని నేను చాలా రోజులు ఆలోచించాను. వాళ్ళను తిట్టాలనిపించలేదు. అలిసిపోయిన మనిషి ఏది దొరికితే దాని నీడన కూర్చుంటాడు. కానీ చచ్చినవాళ్ళ నీడన కూర్చోవచ్చా? నాకు తెలియదు.

ఇంత జరుగుతున్నా ఉప్పుమడులు రెండయ్యేసరికి చల్లబడుతూనే ఉన్నాయి. రవణమ్మ ఒకసారి సంచీడు ఉప్పు పంపింది. అది చూసి రత్నం పన్ను నడుస్తోందనే అనుకుంది. ఊరు మైలలో ఉంటే ఆ వేడి ఎవరి ఇంటికి వస్తోందని ఆమె అడగలేదు, నేనూ అడగలేదు.

అమ్మ భాద్రపదంలో పోయింది. జబ్బేమీ లేదు. పొద్దున కాఫీ తాగి, కాస్త నడుం వాలుస్తానంది. మళ్ళీ లేవలేదు. అమ్మ పడుకున్న చోట దీపం, చెంబుతో నీళ్ళు పెట్టాము. ఆ రోజు రెండయింది. మా ఇంటి రాయి పలకలేదు. ఎన్నో నెలల తర్వాత మా ఇల్లు మధ్యాహ్నం చల్లగా ఉంది. నాకు ఆ చల్లదనం అమ్మ చేతిలాగా అనిపించింది. దొరసామి, ఇంకా మా జ్ఞాతులు చాలామంది వచ్చారు, పాడె మోశారు, నన్ను పట్టుకుని ఏడ్చారు.

మర్నాడు పొద్దున మస్తాన్ వచ్చాడు. గుమ్మం బయటే నిలబడ్డాడు. పెదవులు పగిలి ఉన్నాయి, కళ్ళు లోపలికి పోయాయి.

“నీ మొహం ఏంది అట్టుండాది?” అంది రత్నం.

“ఏం లేదక్కా. పెద్దమ్మ మంచి సావు సచ్చింది.”

“మీ అమ్మకెట్టుంది?”

అతను నేల చూశాడు. “పడుకోని ఉంది. మూడు రోజుల నుంచి మాట్లాడటంలా. డాక్టరు, ఆ ఇంట్లోంచి మార్చమన్నాడు. మార్చేదానికి యాడుంది? మా వీధంతా అంతే.”

“మీ వీధికేమైంది?”

“మడులు చల్లబడాలంటే ఆ వేడి ఎవరో ఒకరు తీసుకోవాల గదక్కా. మైల ఇళ్ళు తీసేస్తే మిగిలిన ఇళ్ళకు పడుద్ది. పది ఇళ్ళు మోసేది ఒక ఇల్లు మోస్తా ఉంది. మా తురకవీధి, చర్చి వెనక ఇళ్ళు, ఏడు తరాల లెక్కలు లేని యానాదుల కాలనీ. మధ్యాహ్నం అందరం బయట గోడల పక్కన ఉంటాం. అమ్మ లేవలేదు.”

“ఎన్నాళ్ళ నుంచిరా ఇది?”

“తిరునాళ్ళకు ముందు నుంచి.”

“నాకెందుకు చెప్పలా?”

“మీటలు తిప్పేది నేను. నా వీధి గురించి నేనే అడిగితే మా వాళ్ళ కోసమే అడిగానంటారు.” తర్వాత చాలా మెల్లగా అన్నాడు. “మాకు మైల లేదు గదక్కా.”

రత్నం గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. అందరి కష్టం తెలుసనుకున్న మనిషి. కోటవీధిలో ఆ మాట అన్నప్పుడు ఊరంటే ఆమె మనసులో ఉన్నది మావాళ్ళే. మస్తాన్‌ను తమ్ముడిలాగా చూసే మనిషికే అది తట్టలేదు.

“మీ వీధి మీటలు ఆపేస్తే?” అన్నాను నేను.

“ఉప్పుమడులకు పోద్ది బావా.”

“అయితే మైల మినహాయింపు తీసేయాల,” అంది రత్నం. “అన్ని ఇళ్ళకూ. ఇయ్యాల రెండు గంటల నుంచే.”

ఆమె మాటకు నేను ఎప్పుడూ అడ్డం పోలేదు. ఆ రోజు పోయాను. “పదకొండు రోజులు ఆగు రత్నం. అమ్మ దీపం ఇంకా అక్కడే ఉంది. కర్మ అయిపోనీ. నిన్ను ఎప్పుడన్నా ఏమన్నా అడిగానా?”

“అడగలేదు,” అంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “మీ అమ్మ పోయింది. వాళ్ళమ్మ ఇంకా ఉంది. పదకొండు రోజులు ఉండదు.”

“పోనీ మన ఇంటికి ఒక్కదానికి...”

“మన ఇంటికి ఉంచి ఊరికి తీసేస్తే, అది పన్నా? మీరే చెప్పండి.”

నేను లోపలికి పోయి అమ్మ దీపం ముందు కూర్చున్నాను. మస్తాన్ పోయొస్తానని అనలేదు. మైల ఇంట్లో అలా అనకూడదని అతనికి తెలుసు. ఊరికే వెళ్ళిపోయాడు.

రెండయింది. రాయి వేడెక్కింది. నడవంతా సెగ నిండింది. దీపం సన్నగా వణికింది. చెంబు ముట్టుకుంటే నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. అమ్మ ఆత్మ పదిరోజులు అక్కడే తిరుగుతుందని మా నమ్మకం. నేను తాటాకు విసనకర్ర తీసుకుని ఆ ఖాళీ చోట విసరడం మొదలుపెట్టాను. రత్నం వచ్చి పక్కన కూర్చుంది. నా చెయ్యి నొప్పిపుట్టినప్పుడు విసనకర్ర అందుకుని తను విసిరింది. నాలుగయ్యేదాకా ఇద్దరం మార్చి మార్చి విసిరాము.

వీధుల్లో మాటలు గట్టిగానే వినిపించాయి. “అత్త శవం చల్లారకముందే ఇంటికి నిప్పు పెట్టుకుందిరా!” “సొంత మైల అంటే లెక్కలేనిదానికి మన మైల లెక్కా?” ఎవరో మా గడపలో మాడిన పెనం పెట్టి పోయారు. రత్నం దాన్ని తీసి, కడిగి, వంటింట్లో పెట్టుకుంది. “మన పెనంకంటే బాగుంది,” అంది. నేను నవ్వలేకపోయాను. మర్నాటి నుంచి దొరసామి మా ఇంటికి రావడం మానేశాడు. దాయాదులూ మానేశారు. నాలుగో రోజు మస్తాన్ ఫోను చేశాడు. వాళ్ళమ్మ కళ్ళు తెరిచిందట, గంజి తాగిందట. మాట మాత్రం ఇంకా రాలేదట. రత్నం, “సరేలే, నిదానంగా వస్తుంది,” అని ఫోను పెట్టేసింది.

పదో రోజు పెన్న ఒడ్డున ధర్మోదకాలు. పోయినవాళ్ళకు జ్ఞాతులందరూ నువ్వులతో నీళ్ళు వదలాలి. రాగి చెంబులో నువ్వులు దండిగా నానబెట్టుకుపోయాము. పురోహితుడు ఇసుకలో చాప పరిచి దారివైపు చూశాడు.

“జ్ఞాతులు రావాలి కదండీ. ఎంతమంది?”

“వస్తారు,” అన్నాను.

ఎండ ఎక్కింది. ఎవరూ రాలేదు. నా సొంత తమ్ముడొక్కడే ఉన్నాడు. మొన్నటిదాకా కావలి, గూడూరు మైలలన్నీ కలుపుకుని కూర్చున్నవాళ్ళు మా అమ్మకు ఏమీ కాకుండా పోయారు. పురోహితుడు నా మొహం చూసి, “కానిద్దాం బాబూ. ఎవరున్నారో వాళ్ళే జ్ఞాతులు,” అన్నాడు. నేను నదిలో దిగి నీళ్ళు వదిలాను. నా తమ్ముడు వదిలాడు. నువ్వులు చాలా మిగిలిపోయాయి.

ఒడ్డుకు వస్తుండగా రత్నం ఫోను మోగింది. మస్తాన్. అవతలి మాట నాకూ వినబడింది. మా జ్ఞాతులంతా మునిసిపల్ ఆఫీసులో ఉన్నారట. దొరసామి అవిశ్వాసం పెట్టాడు, గెలిచింది. పన్ను రద్దు చేస్తూ మొదటి తీర్మానం కూడా అయిపోయింది. రాళ్ళు ఇక వెనక్కి తిరగవు. ఇక రెండు నుంచి నాలుగు దాకా కూడా ఊరి వేడి అంతా మడులకే.

“షెడ్డు కాడికి మనిషొచ్చి నిలబడ్డాడక్కా. రెండింటికి మీటలు తిప్పితే తాళాలు లాక్కుంటారు.”

రత్నం కోప్పడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. ఆమె ఎండను చూసింది, టైము చూసింది.

“మీ అమ్మ?”

“ఇందాక నా పేరు పెట్టి పిలిచింది.”

“ఊఁ. సరే. మడుల్లో వాళ్ళకు చెప్పారా?”

“ఎవరు చెప్తారక్కా? రెండయిందంటే చల్లబడుద్దని అందరూ చూసుకోకుండా దిగేస్తారు. టైర్లు కట్టుకోవడం కూడా మానేశారు ఈ మధ్య.”

ఆమె ఫోను పెట్టేసి తడి కొంగు బిగించి దోపుకుంది. “ఏమండీ, బండి తీయండి. రెండయ్యేలోపు పోయి చెప్పొద్దాం.”

పురోహితుడు కంగారుపడ్డాడు. “అమ్మా, రేపటిదాకా మీరు మైలలో ఉన్నారు. ఒకరి ఇంటికి పోకూడదు.”

“ఇళ్ళు యాడుండాయి సామీ వాళ్ళకు?” అంది రత్నం.

పురోహితుడు నావైపు చూశాడు. శాస్త్రం గురించి ఊళ్ళో ఎవరికి ఏ సందేహం వచ్చినా నా కొట్టుకే వచ్చి అడుగుతారు, అందుకు కావచ్చు. నాకు ఏ శ్లోకమూ గుర్తు రాలేదు. తమ్ముడిని అక్కడి పని చూడమని చెప్పి, తడిపంచె పైకి కట్టుకుని, ఇసుకలో కూరుకుపోయిన స్కూటరును వెనక్కి లాగాను. రత్నం ఎక్కి నా భుజంమీద చెయ్యి వేసింది. ఆమె చెయ్యి చాలా బరువుగా ఉంది.

“తొందరగా పోనీండి,” అంది.

పోనిచ్చాను.